బెంగళూరులో పూలకాలం: కబ్బన్ పార్కా, లాల్‌బాగా?

సంక్రాంతి దాటిందంటే చాలు, మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "ఆ గులాబీ రంగు చెట్లు పూశాయా? ఎప్పుడు రమ్మంటావు?" అనంతపురం నుంచి మేనత్త, విజయవాడ నుంచి తోడల్లుడు, ఎప్పుడో కాలేజీలో కలిసి చదివిన స్నేహితుడు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫొటో చూసి, టికెట్లు కొనేసి, ఆ తర్వాత తీరిగ్గా అడిగేవాళ్లే ఎక్కువ. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. "కబ్బన్ పార్కుకు పోదామా, లాల్‌బాగ్‌కు పోదామా?"

పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, ఇంతమందికి చెట్లు చూపించాక నాకు తెలిసింది ఏమిటంటే, మొదట అడగాల్సింది పార్కు గురించి కాదు. ఏ వారం వస్తున్నారో చెప్పండి. అప్పుడు ఏ చెట్టు పూసి ఉంటుందో తెలుస్తుంది, ఆ చెట్టును బట్టి పార్కు తేలుతుంది. ఈ వరస తప్పినవాళ్లే "అంతదూరం వస్తే ఏమీ లేదు, ఉత్త ఆకులు" అని నిట్టూరుస్తూ రైలెక్కుతారు.

పూల కోసమే వస్తున్నారా, ఒక్క పూటే ఉందా? అయితే పదిలో ఎనిమిదిసార్లు కబ్బన్ పార్కే. లాల్‌బాగ్ నాకు ఎంత ఇష్టమైనా ఈ విషయంలో మొహమాటం లేదు. మిగతా ఆ రెండుసార్లు ఎప్పుడో కింద చెబుతాను.

ఈ పూత వెనక ఉన్న మనుషులు

బెంగళూరులో నెలకో రంగు మారడం దానంతటదే జరిగింది కాదు. జర్మనీ నుంచి వచ్చిన గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్ అనే ఉద్యాన నిపుణుడు లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి, బరోడా సంస్థానంలో కొన్నేళ్లు ఉండి, 1908లో మైసూరు సంస్థానానికి వచ్చాడు. లాల్‌బాగ్ బాధ్యత ఆయనదే. ఒక చెట్టు పూత అయిపోయేసరికి ఇంకో జాతి పూయాలి, ఏడాది పొడవునా ఊళ్లో ఎక్కడో ఒకచోట పూలు ఉండాలి అన్నది ఆయన ఆలోచన. అందుకు తగ్గ జాతులను వెతికి తెప్పించి వీధుల్లో నాటించాడు. 1956లో ఇక్కడే చనిపోయాడు. లాల్‌బాగ్ పక్కన ఆయన పేరుతో ఒక రోడ్డు ఉంది. దాని మీద రోజూ వెళ్లేవాళ్లకు కూడా ఆ పేరు పలకడం కష్టమే.

ఆ తర్వాత 1980లలో ఎస్.జి. నేగిన్‌హాళ్ అనే అటవీ అధికారి ఆధ్వర్యంలో నగరమంతటా 15 లక్షల మొక్కలు నాటారు. ఈ రోజు ఫోన్లలో తిరుగుతున్న గులాబీ వీధుల్లో చాలావాటికి ఆ కాలపు మొక్కలే మూలం. ఎంపికకు ఇది ఎందుకు పనికొస్తుందంటే, ఇక్కడ పూలు పార్కు గోడల లోపలే ఆగవు. ఒక్కోసారి పార్కుకంటే రోడ్డే బాగుంటుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

గులాబీ చెట్టును చాలామంది "మన చెర్రీ బ్లాసమ్" అంటారు. చెర్రీకి కావలసిన చలి బెంగళూరులో ఎప్పుడూ పడదు. ఇది టబెబుయా, అమెరికా ఖండాల ఉష్ణమండల చెట్టు. పూవును చేతిలోకి తీసుకుని చూడండి, సన్నాయి మూతిలా ఉంటుంది. మన ఆకాశమల్లె కూడా ఈ కుటుంబంలోదే. ఊదారంగు జకరండా కూడా. ఆకాశమల్లె కాడను ఊదుకుంటూ బడికి వెళ్లినవాళ్లకు ఈ పోలిక వేరే చెప్పక్కర్లేదు.

పండుగను బట్టి లెక్క

మన పంచాంగం ప్రకారం వసంతం అంటే చైత్ర వైశాఖాలు. ఉగాదితోనే మొదలు. అందుకే మనవాళ్లు ఉగాది సెలవులకు పూలు చూడటానికి బయల్దేరతారు. చిక్కంతా అక్కడే ఉంది. ఫొటోల్లో కనిపించే ఆ గులాబీ, పసుపు చెట్లు ఎక్కువగా మాఘ ఫాల్గుణాల్లో, అంటే శిశిరంలోనే పూస్తాయి. ఆకు రాలి కొమ్మ బోడిగా ఉన్నప్పుడే పువ్వు రావడం వాటి పద్ధతి. ఆకులు అడ్డం లేకపోతే తేనెటీగలకు దూరం నుంచే కనబడతాయి. మనకూ కనబడతాయి.

సంక్రాంతి తర్వాత, జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా వస్తే ముదురు గులాబీ టబెబుయా దొరుకుతుంది. ఊదా కలిసిన గులాబీ రంగు, మధ్యరకం ఎత్తు, చెట్టు మీద ఆకన్నది ఉండదు. మబ్బు లేని పొద్దున దీన్ని చూస్తే రంగు కాగితాలు అతికించారేమో అనిపిస్తుంది. చలి కూడా హాయిగా ఉంటుంది. నన్నడిగితే పూలకోసం బెంగళూరుకు ఒక్కసారే రావాలంటే ఇదే సమయం. జనం కూడా మార్చిలో ఉన్నంత ఉండరు, ఎందుకంటే ఫొటోలు ఊరంతా తిరిగి అందరికీ చేరేసరికి ఇంకో నెల పడుతుంది.

శివరాత్రి చుట్టుపక్కల పసుపు టబెబుయా వంతు. వంకర కాండం, బెండులాంటి గరుకు బెరడు, వెండి మెరుపున్న ఆకులు. పూయని రోజుల్లో దాన్ని ఎవరూ రెండోసారి చూడరు. పూసినప్పుడు మాత్రం పసుపు ముద్ద. దీంతో ఉన్న ఇబ్బంది ఒక్కటే, ఒక్కో చెట్టు నిండుగా ఉండేది నాలుగైదు రోజులు, మహా అయితే వారం. ఇలా ఉన్న పూలన్నీ ఒకేసారి గుప్పున విచ్చుకుని అయిపోయే పద్ధతికి వృక్షశాస్త్రంలో 'బిగ్ బ్యాంగ్' అనే పేరే ఉంది. అదృష్టం ఏమిటంటే అన్ని చెట్లూ ఒకే రోజు మొదలుపెట్టవు. ఒకటి రాలుతుంటే పక్కది విచ్చుకుంటూ ఉంటుంది. కాబట్టి పసుపు కోసం వచ్చేవాళ్లు ఒక చెట్టును నమ్ముకోకూడదు, పార్కంతా నడవాలి.

లేత గులాబీ టబెబుయా ఉంది చూశారూ, అది మాత్రం మాట వినని రకం. పొడవైన చెట్టు, పాలలో చుక్క రంగు కలిపినట్టు ఉండే పూలు. నవంబరు డిసెంబరుల్లో ఒక విడత, ఎండలు ముదిరే ముందు ఇంకో విడత పూస్తుంది. ఒకే వీధిలో ఒక చెట్టు నిండుగా, పక్కది పచ్చగా ఉండటం మామూలే. ఎల్ సాల్వడార్ దేశానికి ఇది జాతీయ వృక్షం. ఇక్కడ మాత్రం దీని కోసం తేదీ చూసి టికెట్ కొనడం జూదమే.

ఇక ఉగాది. ఈ పండుగ తేదీ స్థిరంగా ఉండదు కదా. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. మూడు వారాల తేడా. చెట్లకు మన తిథులతో పనిలేదు. మార్చి మూడోవారంలో వచ్చిన ఉగాదికి లేత గులాబీ, పసుపు కొసరుగా దొరకవచ్చు. ఏప్రిల్‌లో వచ్చిన ఉగాదికి అవి దాదాపు అయిపోయి ఉంటాయి. అప్పుడు చూడాల్సింది జకరండా. నీలమా, ఊదానా అని తేల్చుకోలేని రంగు, చింతాకులాంటి సన్నటి ఆకులు. టబెబుయాలా మీద పడి పలకరించదు. దూరంగా చూస్తే పొగ అనుకుంటాం. కానీ పూత కొన్ని వారాలు సాగుతుంది కాబట్టి తప్పిపోయే భయం తక్కువ.

రెండేళ్ల కిందట మా మేనత్త ఏప్రిల్ ఉగాదికి వచ్చింది. గులాబీ చెట్టు ఒక్కటీ లేదు. నాకు ఒకటే టెన్షన్, ఏం చూపించాలా అని. కబ్బన్ పార్కులో ఒక కానుగ చెట్టు కింద ఆగిపోయింది. లేతాకు నిగనిగలాడుతోంది, కింద నేల మీద పూలు బొరుగులు చల్లినట్టు రాలి ఉన్నాయి, పైన తేనెటీగల మోత. "ఇవి మన చేను గట్టు మీద లేవా ఏంది, ఎప్పుడూ తలెత్తి చూసిన పాపాన పోలేదు" అంది. ఆ తర్వాత జకరండా చూపిస్తే "బాగుందిలే" అని ముందుకు నడిచింది.

ఎండాకాలం సెలవులకు పిల్లలతో వచ్చేవాళ్లు పూలకాలం దాటిపోయిందని బాధపడుతుంటారు. నిజానికి ఏప్రిల్ మూడోవారం నుంచి మే చివరిదాకా ఉన్నంత రంగు ఇంకెప్పుడూ ఉండదు. ఎర్రటి తురాయి, పసుప్పచ్చటి కొండచింత, గుత్తులుగా వేలాడే రేల. వీటికి గడువు కూడా వారాల్లో ఉంటుంది, రోజుల్లో కాదు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి మన కోస్తా ఎండతో పోలిస్తే మే నెల పొద్దుటి పూట కూడా నడవచ్చు. తురాయి మన ఊళ్లలోనూ ఉందిగా అంటారా? ఉంది. మడగాస్కర్ నుంచి వచ్చి ఎక్కడపడితే అక్కడ మనదైపోయింది. కానీ రోడ్డుకు రెండు వైపులా వంద చెట్లు కలిసి పందిరి వేసినట్టు ఉండటం వేరు.

కబ్బన్ పార్కు ఎందుకంటే

1870లో రిచర్డ్ సాంకీ అనే ఇంజనీరు హయాంలో ఏర్పడిన పార్కు ఇది. అధికారిక పేరు శ్రీ చామరాజేంద్ర పార్కు, ఎవరూ అలా పిలవరు. దీని గొప్పతనం చెట్ల సంఖ్యలో లేదు, వాటి మధ్య ఖాళీలో ఉంది. పచ్చిక మైదానం, దాని మధ్యలో ఒంటరిగా పూసిన చెట్టు, వెనక హైకోర్టు ఎర్ర భవనం. టబెబుయాలాంటి చెట్టుకు ఇలాంటి జాగా కావాలి. గుబురు అడవిలో పెడితే అది కనబడను కూడా కనబడదు. హైకోర్టు వైపు, బ్యాండ్‌స్టాండ్ చుట్టుపక్కల, ఎర్రటి కేంద్ర గ్రంథాలయం ముందు ఒక గంట నడిస్తే ఆ వారం పూసిన జాతులు దాదాపు అన్నీ తగులుతాయి.

లోపలికి టికెట్ లేదు. పర్పుల్ లైన్ మెట్రోలో కబ్బన్ పార్క్ స్టేషన్ ఒకవైపు, విధానసౌధ స్టేషన్ ఇంకోవైపు ఉన్నాయి. ఒకచోట దిగి పార్కంతా నడిచి రెండో చోట ఎక్కవచ్చు, వెనక్కి తిరిగే పని లేదు. ఆదివారం లోపలి రోడ్లలో బండ్లు వదలరు. అది వరమే, కానీ ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. పైగా ఆదివారం మెట్రో మిగతా రోజులకంటే ఆలస్యంగా మొదలవుతుంది, మీరు చేరేసరికి మంచి వెలుతురు సగం అయిపోతుంది. వీలుంటే మంగళవారమో బుధవారమో, ఆరున్నరకల్లా అక్కడుండండి. ఆ పూట బండ్లు కూడా తక్కువే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మధ్యలోంచి రోడ్లు వెళ్తాయి కాబట్టి పని దినాల్లో తొమ్మిది దాటాక హారన్ల మధ్య నడవాలి. మరుగుదొడ్లు దగ్గర దగ్గరగా ఉండవు. చెట్లకు పేర్ల పలకలు అన్నింటికీ లేవు, ఏది ఏమిటో తెలిసినవాళ్లు పక్కన ఉంటే మంచిది.

లాల్‌బాగ్ ఎప్పుడంటే

240 ఎకరాలు. 1760 ప్రాంతంలో హైదర్ అలీ మొదలుపెట్టాడు, టిప్పు సుల్తాన్ పెంచాడు. ఇది పార్కుకంటే ముందు వృక్షశాస్త్ర తోట. ఎక్కడెక్కడి జాతులనో తెచ్చి ఒక్కొక్కటిగా పెంచిన చోటు. అందుకే ఇక్కడ ఒకే రంగు చెట్లు వరసగా పూసి కళ్లు చెదరగొట్టే దృశ్యం తక్కువ. ఒక చెట్టు దగ్గర ఆగి, చూసి, పేరు చదివి, ఇంకో చెట్టు దగ్గరకు పోవాలి. అలాంటి ఓపిక ఉన్నవాళ్లకు కబ్బన్ పార్కుకంటే ఇదే నచ్చుతుంది. పదిలో రెండుసార్లు అన్నానే, అందులో మొదటిది ఇది.

ఇక్కడ నాగలింగం చెట్టు ఉంది. పూలు కొమ్మ చివర కాకుండా మొదలుకే, మన కంటి ఎత్తులో పూస్తాయి. మెడ నొప్పి పుట్టేలా తలెత్తే పని లేదు. పొద్దున్నే దగ్గరకు వెళ్తే వాసన కమ్ముకుంటుంది. మనవాళ్లు చాలామంది గుడి ఆవరణలో చూసే ఉంటారు, పడగ కింద శివలింగం ఉన్నట్టు కనిపించే ఆ పువ్వే. అసలైన అశోకం కూడా చూడొచ్చు. మన అపార్టుమెంట్ల గోడ పక్కన స్తంభాల్లా నిలబెట్టే చెట్టును అశోకం అంటుంటాం కదా, అది వేరు. సీతమ్మవారి అశోకానికి ఫిబ్రవరి నుంచి నారింజ రంగు గుత్తులు వస్తాయి, అవి ముదిరితే ఎరుపు తిరుగుతాయి. టబెబుయా కోసం వచ్చి ఈ చెట్టు ముందు అరగంట నిలబడిపోయినవాళ్లను చూశాను.

రెండోది, పెద్దవాళ్లతో వచ్చినప్పుడు. లాల్‌బాగ్‌లో దారులు నున్నగా ఉంటాయి, కూర్చోడానికి బల్లలు ఎక్కువ, డబ్బు కట్టి ఎక్కే బ్యాటరీ బండి తిరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని కబ్బన్ పార్కు మొత్తం నడిపించడం కంటే ఇది మేలు. చెరువు గట్టున కూర్చోబెట్టి నీటికాకులను చూపిస్తే వాళ్ల పూట సాగిపోతుంది. పూలు చూడటం మీ సరదా, వాళ్ల సరదా కాకపోవచ్చు. దీనికి తోడు, డబుల్ రోడ్డు వైపు గేటు దాటి నాలుగడుగులు వేస్తే 1924 నుంచి ఉన్న ఎంటీఆర్ హోటల్ వస్తుంది. ఎనిమిదింటికల్లా వెళ్తే సరి, తొమ్మిది దాటితే పేరు రాయించుకుని నిలబడాలి. ఈ ఒక్క కారణంతో లాల్‌బాగ్‌కే ఓటేసే చుట్టాలు నాకున్నారు, వాళ్లను తప్పు పట్టను.

ఇక్కడ టికెట్ ఉంది, కెమెరా పెద్దదైతే విడిగా రుసుము ఉండొచ్చు. గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్ పశ్చిమ గేటుకు దగ్గర. కొండ ఎక్కడం మర్చిపోకండి. దాని వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు, జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు. పూలతో సంబంధం లేదు గానీ, పైనుంచి చూస్తే తోటలో ఏ మూల రంగు ఉందో తెలిసిపోతుంది. నేను ముందు కొండెక్కి, రంగు ఎక్కడుందో చూసుకుని, అటువైపే దిగుతాను.

ఒక జాగ్రత్త. జనవరిలో గణతంత్ర దినోత్సవానికి, ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవానికి ఇక్కడ పుష్ప ప్రదర్శన జరుగుతుంది. "లాల్‌బాగ్‌లో పూలు" అని విని జనవరిలో వచ్చేవాళ్లు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. ప్రదర్శనలో ఉండేవి 1889లో పునాది పడిన గాజు భవనంలో కోసిన పూలతో కట్టిన ఆకారాలు, కుండీల వరసలు. పిల్లలకు బాగా నచ్చుతుంది. చెట్టు మీది పూల కోసమైతే మాత్రం ఆ రోజుల్లో లాల్‌బాగ్ వద్దు. అదే జనవరి చివర్లో ముదురు గులాబీ కబ్బన్ పార్కులో ప్రశాంతంగా పూసి ఉంటుంది, జనమంతా ఇటే ఉంటారు కాబట్టి.

పార్కు మానేసి రోడ్డు మీదకు

మార్చిలో ఫోన్లలో వచ్చే ఫొటోలు చాలావరకు పార్కులవి కావు. జయమహల్ రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు వీధులు, జయనగర్ అడ్డరోడ్లు. రెండు వైపులా ఒకే జాతి చెట్లు ఉండటంతో రోడ్డు ఫొటోలో పార్కును మించిపోతుంది. ఆ ఫొటో తీసినవాళ్లు డివైడర్ మీద నిలబడి, వెనక బస్సు హారన్ కొడుతుంటే తీశారన్నది ఫొటోలో ఉండదు. నీడలో కూర్చోడానికి ఉండదు, పిల్లల చెయ్యి వదలడానికి ఉండదు. సొంత బండి ఉన్నవాళ్లు ఆదివారం పొద్దున ఆరింటికి ఒక చుట్టు వేసి రావడానికి బాగుంటుంది. ఊరు కొత్తవాళ్లకు మాత్రం నేను చెప్పను. వైట్‌ఫీల్డ్ అయితే అసలే వద్దు. పోయి రావడంతోనే పూట గడిచిపోతుంది.

పసిపిల్లలుంటే? కబ్బన్ పార్కే. బాలభవన్ అక్కడే ఉంది, పచ్చిక మీద వదిలేయవచ్చు. మీరు చెట్లు చూసే గంటలో వాళ్లు రాలిన పూలు ఏరుకుంటారు. కొమ్మ వంచి కోయనివ్వకండి, రాలినవే బోలెడు.

తుమ్ములు, ఆయాసం ఉన్నవాళ్లు పూలకాలం అనగానే భయపడతారు. ఇంత రంగున్న పూల పుప్పొడి సాధారణంగా బరువుగా, జిగటగా ఉంటుంది. అది పురుగుల కాళ్లకు అంటుకోవడానికి తయారైంది, గాల్లో ఎగరడానికి కాదు. ఎక్కువ ఇబ్బంది పెట్టేవి గడ్డిజాతులు, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ. కాబట్టి టబెబుయాను తిట్టకుండా ఆ ఖాళీ స్థలాల పక్క దారి తప్పించుకోండి. ఆస్తమాకు మందు వాడుతుంటే అది జేబులో ఉండాలి, అది ఏ కాలంలోనైనా తప్పదు.

ఫొటోలకు వచ్చేవాళ్లకు రెండు మాటలు. లేత గులాబీ మధ్యాహ్నం వెలుతురులో తెల్లగా పాలిపోతుంది. ఎండ ఏటవాలుగా పడే ఎనిమిదింటి లోపు, లేకపోతే సాయంత్రం అయిదు తర్వాత తీయాలి. పసుపుకు ఆ బాధ లేదు, నీలాకాశం ఉంటే మిట్టమధ్యాహ్నం కూడా వెలిగిపోతుంది. జకరండాను ఫోన్ కెమెరాలు తరచూ నీలంగా మార్చేస్తాయి. ఇంటికొచ్చి చూసుకుని "ఈ రంగు కాదే" అనుకోవడం అందరికీ అయ్యేదే.

మార్చి చివర్లో, ఏప్రిల్‌లో సాయంత్రం వాన కొట్టిందంటే చెట్టు మీది పూత సగం నేల పాలవుతుంది. ప్లాన్ పాడైందని గదిలో కూర్చోకండి. మర్నాడు పొద్దున ఆరింటికి వెళ్తే నేలంతా రంగు తివాచీ. ఊడ్చేవాళ్లు పని మొదలుపెట్టేది దాదాపు ఆ వేళకే, ఏడు దాటితే కుప్పలే కనిపిస్తాయి. పైన కొమ్మ మీద చూసిందానికంటే తడి నల్లమట్టి మీద పడిన పసుపు పూలే నాకు బాగా గుర్తున్నాయి.

ఇంత చెప్పాక కూడా "సరే, ఇప్పుడు పూశాయా లేదా?" అనే అడుగుతారు. ఫేస్‌బుక్‌లో చూసి నమ్మకండి, మూడేళ్ల కిందటి ఫొటోలను ప్రతి ఫిబ్రవరిలో కొత్తగా పెడుతుంటారు. ఊళ్లో ఉన్న మనిషిని పట్టుకుని, ఈరోజు తీసిన ఫొటో పంపమనండి. పంపితే అందులో పూలను కాదు, మొగ్గలను చూడండి. కొమ్మ చివర మూసిన మొగ్గలు పూలకంటే ఎక్కువుంటే ఇంకో మూడు నాలుగు రోజులు ఆగవచ్చు. మొగ్గల్లేకుండా అంతా విచ్చుకుని ఉంటే ఆ రాత్రే బస్సెక్కండి. కింద నేల మీద పూలు పైన ఉన్నంతగా ఉండి, కొమ్మల్లో లేతాకు తొంగిచూస్తుంటే, ఆ చెట్టును వదిలేసి జకరండా మొదలైందేమో అడగండి.

ఒక్క పొద్దుటి పూటే ఉందన్నవాళ్లను నేను తీసుకెళ్లే దారి ఇది. ఆరున్నరకు కబ్బన్ పార్క్ స్టేషన్ దగ్గర లోపలికి, బ్యాండ్‌స్టాండ్, గ్రంథాలయం, హైకోర్టు మీదుగా ఎనిమిదింటికి విధానసౌధ స్టేషన్. ఇంకా ఓపికుంటే అక్కడ మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి లాల్‌బాగ్‌లో దిగడం, నాగలింగం, అశోకం చూసి, తోటకు అడ్డంగా నడిచి డబుల్ రోడ్డు గేటు బయటికి రావడం. అప్పటికి పది దాటుతుంది, ఎంటీఆర్ దగ్గర ఎలాగూ నిలబడాల్సిందే. మేనత్త ఈసారి శివరాత్రికి వస్తానంది. జాగారం చేసి తెల్లారి పూలు చూస్తుందట. బస్సులో నిద్రపోతే చాలు అంటోంది.